చచ్చాడు సరే, ఆ సంబరమేంటి? గడాఫీ చావు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు సాయంత్రం పూట అంతర్జాతీయ వ్యవహారాలు చెబుతుంటాను. ఎక్కడ ఏ పాలకుడు గద్దె దిగి పారిపోయినా, రెండు రోజులు తిరక్కుండా లిబియా పాలకుడు గడాఫీ చివరి క్షణాల వీడియో మళ్ళీ వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. 2024 ఆగస్టులో షేక్ హసీనా ఢాకా వదిలి వెళ్ళినప్పుడు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో సిరియా అధ్యక్షుడు అసద్ మాస్కో చేరినప్పుడూ వచ్చింది. వీడియో వెనకాలే అవే సందేహాలు. క్లాసులో సగం టైము వీటికే పోతోందని, అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏది కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు. కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా దూరింది. దాన్ని మాత్రం పరీక్షలో రాయకండి.

## అంతకు ముందు

గడాఫీ అంటే ఎవరు సార్? టూకీగా చెప్పండి.

1942లో లిబియాలోని సిర్త్ పట్నం దగ్గర ఎడారిలో, గుడారాల్లో బతికే బెదూయిన్ కుటుంబంలో పుట్టాడు. సైన్యంలో చిన్న అధికారిగా ఉంటూ 1969 సెప్టెంబర్ 1న రాజు ఇద్రిస్‌ని దించేశాడు. రాజు అప్పుడు దేశంలోనే లేడు, టర్కీలో ఉన్నాడు. ఆ తర్వాత 42 ఏళ్ళు గడాఫీ మాటే చట్టం. నాకు ఏ పదవీ లేదు, నేను విప్లవానికి దారి చూపేవాణ్ణి మాత్రమే అనేవాడు. పదవి లేనివాణ్ణి రాజీనామా చేయమని ఎవరడుగుతారు?

జనానికి అంత కసి ఎందుకు? మంచి కూడా చేశాడంటారు కదా?

చేశాడు. చమురు డబ్బుతో ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు వచ్చాయి, కాదనలేం. 1984లో బెంఘాజీలోని ఒక ఆటల స్టేడియంలో తన వ్యతిరేకి ఒకడిని జనం ముందు ఉరితీయించి టీవీలో చూపించింది కూడా ఆయన ప్రభుత్వమే.

కసి గురించి అడిగినవాళ్ళకి నేను ఒక జైలు సంగతి చెబుతాను. ట్రిపోలీలో అబూ సలీం అని ఒక జైలుంది. 1996 జూన్‌లో అక్కడి ఖైదీలు వసతులు బాగాలేవని తిరగబడితే, సుమారు 1,200 మందిని కాల్చి చంపారు. ఇంటివాళ్ళకి ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళు ఏళ్ళ తరబడి జైలు గేటు దాకా వచ్చి బట్టలు, తిండి ఇచ్చి వెళ్తూనే ఉన్నారు. కాపలావాళ్ళు అవన్నీ తీసుకుంటూనే ఉన్నారు. చంచల్‌గూడ జైలు ముందు ములాఖత్ కోసం సంచులు పట్టుకుని నిలబడే ఆడవాళ్ళని చూసే ఉంటారు. అలాంటి ఒక తల్లి, కొడుకు ఎప్పుడో చనిపోయిన సంగతి తెలియక, ఐదేళ్ళు అదే సంచి మోసిందనుకోండి.

2011 ఫిబ్రవరి 15న బెంఘాజీలో ఆ కుటుంబాల తరఫు లాయర్‌ని అరెస్టు చేశారు. తిరుగుబాటు అక్కడే రాజుకుంది. వారానికి గడాఫీ టీవీలోకి వచ్చి, ఎదురు తిరిగినవాళ్ళని ఎలుకలన్నాడు. ఇల్లిల్లూ, సందుసందూ గాలిస్తానన్నాడు. ఈ ఎలుకల మాట జనం మర్చిపోలేదు.

మధ్యలో నాటో ఎందుకొచ్చింది? ఇండియా ఏ పక్షం?

గడాఫీ సైన్యం బెంఘాజీ మీదికి వస్తుండగా, 2011 మార్చి 17న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1973 నంబరు తీర్మానం చేసింది. పౌరులను కాపాడేందుకు అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చన్నది దాని సారం. పది దేశాలు సరేనన్నాయి. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటేయకుండా దూరంగా ఉన్నాయి. దాన్ని పట్టుకునే అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో రంగంలోకి దిగింది. తీర్మానంలో గడాఫీని దించమని గానీ, చంపమని గానీ లేదు. సంవత్సరం, తీర్మానం నంబరు కలిపి ఒకే ప్రశ్నలో ఇరికిస్తారు, జాగ్రత్త. ఇది 1973లో జరిగింది కాదు.

## 2011 అక్టోబర్ 20

అసలు ఎలా చనిపోయాడు? చంపింది నాటోనా, జనమా?

ట్రిపోలీ ఆగస్టులోనే తిరుగుబాటుదారుల చేతికి వచ్చింది. గడాఫీ తన సొంత ఊరి వైపు, సిర్త్‌కి చేరి దాక్కున్నాడు. అక్టోబర్ 20 ఉదయం పదుల కొద్దీ వాహనాల్లో అక్కడి నుంచి బయటపడబోతుంటే నాటో విమానాలు ఆ వరసను కొట్టాయి. మిగిలినవాళ్ళతో కలిసి రోడ్డు కింద నీళ్ళు పోయే తూములో దూరాడు. మిస్రాతా పట్నం నుంచి వచ్చిన యోధులు అక్కడ పట్టుకున్నారు.

అప్పటికి ప్రాణంతోనే ఉన్నాడు, గాయపడి ఉన్నాడు. ఇందులో అనుమానం లేదు, వాళ్ళ ఫోన్లలోనే రికార్డయింది. కొట్టారు, జుట్టు పట్టుకుని లాగారు, బయోనెట్‌తో, అంటే తుపాకీ మొనకి బిగించే కత్తితో, పొడిచారు. తర్వాత కొద్దిసేపటికి శవం కనిపించింది. రెండు పక్షాల కాల్పుల మధ్య చిక్కి చనిపోయాడని కొత్త ప్రభుత్వం చెప్పింది. వీడియోలు చూసినవాళ్ళెవరూ ఆ మాట పెద్దగా నమ్మలేదు. శవపరీక్ష చేసిన వైద్యుడు తుపాకీ గుండు వల్ల చనిపోయాడన్నాడు. ఆ గుండు ఎవరి తుపాకీలోంచి వచ్చిందో తేలలేదు. కాబట్టి దారి కాసింది నాటో, చేతిలోకి తీసుకుంది మిస్రాతా కుర్రాళ్ళు. ఒకరి పేరే రాయమంటే నేను రాయను.

చివర్లో ప్రాణభిక్ష అడిగాడా?

వీడియోల్లో వినిపించేది, మీరు చేస్తున్నది హరామ్, అంటే మతం ఒప్పని పాపం అన్న మాట. నేను మీకేం చేశానని అడిగినట్టు కూడా వార్తలొచ్చాయి. అబూ సలీం గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ తల్లికి ఈ రెండో మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

బంగారు పిస్టల్ నిజమా, ఫొటోషాపా?

నిజమే. గడాఫీదేనంటూ బంగారు పూత పిస్టల్‌ని ఎత్తి పట్టుకుని, బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న కుర్రాడి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తూము గోడ మీద ఎవరో స్ప్రే పెయింట్‌తో ఇది ఎలుక గడాఫీ ఉన్న చోటు అని అరబిక్‌లో రాశారు.

## శవం చుట్టూ

శవాన్ని మాంసం పెట్టే గదిలో ఎందుకు పెట్టారు? కావాలనే అవమానించారా?

మిస్రాతాలో ఒక మార్కెట్ దగ్గరున్న కోల్డ్ స్టోరేజీ అది. మాంసం నిల్వచేసేది. గడాఫీ శవం, కొడుకు ముతస్సిం శవం, రక్షణ మంత్రి అబూబకర్ యూనిస్ శవం అక్కడ నేల మీద పరుపులు వేసి పడుకోబెట్టారు. చెడిపోకుండా ఉంచడానికి చల్లటి చోటు కావాలి, అది మొదటి కారణం. ఎక్కడ పాతిపెట్టాలో ట్రిపోలీకి, మిస్రాతాకి మధ్య తెగలేదు. శవం మా చేతిలో ఉందంటే గెలిచింది మేమే అన్నట్టు. మిస్రాతా నెలల తరబడి గడాఫీ సైన్యం ముట్టడిలో నలిగింది, దాని వాటా అది అడుగుతోంది. అవమానం కావాలని తలపెట్టింది కాకపోవచ్చు. అయితే అవమానం కాకుండా చూడాలని ఎవరూ అనుకోలేదు కూడా.

జనం క్యూ కట్టి మరీ చూశారంట. చచ్చినవాణ్ణి చూడ్డానికి అంత ఉత్సాహమేంటి?

నాలుగు రోజులు కట్టారు. లోపలికి వెళ్ళేవాళ్ళకి ముక్కుకి మాస్కులు ఇచ్చారు, రోజులు గడిచేకొద్దీ వాసన మొదలైంది కనక. చాలామంది చేతిలో ఫోను, ఒక ఫొటో, ముందుకు నడవమని కాపలావాడి కేక. మూడో రోజుకి శవాల మీద దుప్పట్లు కప్పి, గడాఫీ తల ఒక పక్కకి తిప్పి పెట్టారు. బుల్లెట్ దెబ్బ కనపడకుండా. నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది ఇదే. శవాన్ని చూపించాలి, దాని మీదున్న రుజువు కనపడకూడదు.

ఉత్సాహం అంటే నేను పూర్తిగా ఒప్పుకోను. 42 ఏళ్ళు ప్రతి గోడ మీదా ఉన్న ముఖం అది. చనిపోయాడని ఎన్నిసార్లు పుకారు వచ్చిందో, అన్నిసార్లు టీవీలో కనపడ్డాడు. అలాంటివాడు పోయాడంటే చెవులతో విని నమ్మరు. మన ఊళ్ళో పాము చచ్చిందంటే కర్రతో కదిపి చూసుకుని గానీ ఆ దారిన నడవం. క్యూలో నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది ఆ కర్ర పట్టుకున్నవాళ్ళు. పగ తీరి నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. జాతర చూడ్డానికి వచ్చినట్టు వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకే క్యూలో ముగ్గురూ ఉంటారు, ఫొటోలో ముగ్గురి ముఖాలూ ఒకేలా కనపడతాయి.

పిల్లల్ని కూడా తీసుకెళ్ళారంటే నమ్మలేకపోతున్నా.

తీసుకెళ్ళారు, ఫొటోలున్నాయి. ఇది నాకూ మింగుడు పడదు. కాకపోతే ఆ పిల్లలు అప్పటికే మిస్రాతా వీధుల్లో నెలల పాటు ఫిరంగి గుండ్ల మధ్య బతికినవాళ్ళు. వాళ్ళకి అది మొదటి శవం కాదు.

ముస్లింలు వెంటనే ఖననం చేస్తారు కదా, ఐదు రోజులు ఎలా ఉంచారు?

వీలైనంత త్వరగా, కుదిరితే ఒక్క రోజులోపే చేయాలన్నది ఆచారం. అందుకే ముస్లిం దేశాల్లోనే చాలామందికి ఇది నచ్చలేదు. ఆయన తెగవాళ్ళు శవం తమకివ్వమని అడిగారు, ఇవ్వలేదు. అక్టోబర్ 25 తెల్లవారుజామున మూడు శవాల్నీ ఎడారిలో రహస్యంగా పాతిపెట్టారు. ఎక్కడో బయటకి చెప్పలేదు, సమాధి గుడి కాకూడదని.

## ప్రపంచం ఎలా చూసింది

అందరూ సంతోషించారా? ఏడ్చినవాళ్ళే లేరా?

ట్రిపోలీలో కారు హారన్లు, గాల్లోకి కాల్పులు, వీధుల్లో మిఠాయిలు. సిర్త్‌లో ఇళ్ళు కూలిపోయి ఉన్నాయి, అక్కడ సంబరం చేసుకునే మనిషి ఎవరు? వెనెజువెలా అధ్యక్షుడు చావెజ్ ఆయన్ని అమరవీరుడన్నాడు. ఆఫ్రికాలో చాలాచోట్ల బాధపడ్డారు. గడాఫీ ఆఫ్రికా సమాఖ్యకి ఒక ఏడాది అధ్యక్షుడిగా చేశాడు, ఆ దేశాల్లో డబ్బు కుమ్మరించాడు. ఉగాండా రాజధాని కంపాలాలో కొండ మీదున్న పెద్ద మసీదు ఆయన డబ్బుతో పూర్తయిందే. ఇంట్లోవాడికి యముడు, పొరుగువాడికి దాత అన్నమాట.

లాకర్బీ బాధితులు ఏమన్నారు?

1988 డిసెంబర్ 21న స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద పాన్‌ఆమ్ విమానం పేలి 270 మంది చనిపోయారు. లిబియా ప్రభుత్వం ఆ బాధ్యత ఒప్పుకుని పరిహారం కట్టింది. గడాఫీ పోయాడనగానే ఆ కుటుంబాల్లో కొందరు ఇన్నాళ్ళకి న్యాయం జరిగిందన్నారు. మరికొందరు, హుకుం ఎవరిచ్చారో చెప్పగలిగినవాడు నోరు మూసుకుని పోయాడని బాధపడ్డారు. నేను ఈ రెండో వాళ్ళ పక్షం. అబూ సలీం తల్లుల పరిస్థితీ అదే. వాళ్ళకి అతని శవం దొరికింది, కొడుకుల శవాలెక్కడున్నాయో చెప్పే మనిషి దొరకలేదు.

హిల్లరీ క్లింటన్ నవ్విందట, నిజమేనా?

నిజమే. అప్పుడు ఆమె అమెరికా విదేశాంగ మంత్రి. టీవీ ఇంటర్వ్యూ మధ్యలో వార్త తెలిసి, వచ్చాం, చూశాం, వాడు చచ్చాడు అంటూ నవ్వింది. జూలియస్ సీజర్ పేరు మీద చెప్పుకునే మాటకి పేరడీ అది. సంచి మోసిన తల్లి నవ్వితే నేను తప్పు పట్టను. వేల కిలోమీటర్ల అవతల కుర్చీలో కూర్చున్నవాళ్ళ నవ్వు వేరు.

పట్టుబడ్డవాణ్ణి చంపితే యుద్ధ నేరం కాదా?

అవుతుంది. చేతికి చిక్కిన మనిషిని, వాడెంత దుర్మార్గుడైనా, చంపకూడదు, హింసించకూడదు. జెనీవా ఒప్పందాలు చెప్పేది అదే. గడాఫీ మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2011 జూన్ 27న వారంటు కూడా ఇచ్చింది. అప్పగిస్తే విచారణకి చోటుంది. ఆ చావు యుద్ధ నేరమేమోనన్న బలమైన అనుమానం ఉందని ఆ కోర్టు ప్రాసిక్యూటర్ లూయిస్ మొరెనో ఒకాంపో అదే ఏడాది డిసెంబర్‌లో అన్నారు. లిబియా కొత్త పెద్దలు విచారణ కమిషన్ వేస్తామన్నారు. ఏడాది తర్వాత హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ నివేదిక ఇచ్చేనాటికి బాధ్యులెవరో తేల్చలేదు.

ఒక మాట మాత్రం పదిసార్లు చెబుతాను. అక్కడ చనిపోయింది ఆయన ఒక్కడే కాదు. సిర్త్‌లోని మహరీ హోటల్ దగ్గర 53 శవాలు దొరికాయి. కొందరి చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. గడాఫీ వైపువాళ్ళని పట్టుకుని చంపారని ఆ సంస్థ చెప్పింది. ఆ 53 మందిని చూడ్డానికి ఎవరూ క్యూ కట్టలేదు.

## మన దగ్గర

ఆ రోజు హైదరాబాద్‌లో జనం ఏమనుకున్నారు సార్?

నగరం మొత్తం ఏమనుకుందో నాకెలా తెలుస్తుంది? నేను కూర్చున్న హోటల్ సంగతి చెబుతాను. సకల జనుల సమ్మె ఇంకా ముగియలేదు. టీవీలో అప్పటిదాకా ఆ వార్తలే. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి నలుగురం నడుచుకుంటూ వచ్చి ఇరానీ హోటల్లో చాయ్ చెప్పాం. సాయంత్రం కింద స్క్రోలింగ్‌లో గడాఫీ పేరు పరిగెత్తింది, కాసేపటికి బొమ్మ వచ్చింది. హోటలంతా చాయ్ కప్పులు సాసర్లలో పెట్టి పైకి చూసింది. మా టేబుల్ కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన పాపం పండింది అన్నాడు. గల్లాపెట్టె దగ్గరున్న యజమాని మాత్రం రిమోట్ పట్టుకుని, మర్‌గయా తో మర్‌గయా, లాష్ కూ కైకూ ఘసీట్రైఁ అని విసుక్కుని చానల్ మార్చేశాడు. పోతే పోయాడు, శవాన్ని ఈడ్వడమెందుకని ఆయన ఉద్దేశం.

మూల టేబుల్ దగ్గర ఒక మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, మార్చిలోనే లిబియా నుంచి ప్రాణాలతో వచ్చి పడ్డాడు. ఎవరో, మీ గడాఫీ పోయాడటగా అని ఎగతాళి చేస్తే, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి పట్టుకుని, "ఆడు సచ్చిండు సరే, నా మూణ్ణెల్ల జీతం ఎవడిస్తడు సార్?" అన్నాడు. బిస్కెట్ నాని కప్పులో పడిపోయింది. చెంచా అడిగి తీసుకున్నాడు.

లిబియాలో మనవాళ్ళు అంతమంది ఉన్నారా?

తిరుగుబాటు మొదలయ్యేనాటికి సుమారు 18,000 మంది భారతీయులు ఉన్నారు. నిర్మాణ పనులవాళ్ళు, నర్సులు, టీచర్లు, చమురు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. 2011 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రభుత్వం ఆపరేషన్ సేఫ్ హోమ్‌కమింగ్ పేరుతో 15,000 మందికి పైగా తీసుకొచ్చింది. విమానాలు నడిపింది, నౌకాదళం ఓడలు పంపింది. బెంఘాజీ నుంచి ఓడలో ఈజిప్టు రేవు అలెగ్జాండ్రియాకి, అక్కణ్ణించి విమానంలో. కొందరు బతుకుతెరువు కోసం మళ్ళీ వెళ్ళారు. 2015 జూలైలో సిర్త్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయుల్ని ఎత్తుకెళ్ళారు. ఇద్దరు కర్ణాటకవాళ్ళు కొద్ది రోజుల్లో బయటపడ్డారు. మిగిలిన ఇద్దరు మన తెలుగువాళ్ళు. వాళ్ళు విడుదలైంది 2016 సెప్టెంబర్‌లో. గడాఫీ చనిపోయిన పట్నం పేరు ఇక్కడ కొన్ని ఇళ్ళలో అందుకే బాగా తెలుసు.

నరకాసురుడు చస్తే మనం దీపావళి చేసుకుంటాం. వాళ్ళు చేసుకుంటే తప్పేంటి?

ఈ ప్రశ్న వేసిన అమ్మాయికి ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. విచిత్రమేంటంటే 2011లో దీపావళి అక్టోబర్ 26న వచ్చింది, గడాఫీని పాతిపెట్టిన మర్నాడు. మేము టపాకాయలు కొంటుంటే టీవీలో ఆ క్యూ చూపిస్తున్నారు.

చావుకి సంతోషించడం మనకి కొత్త కాదు. తప్పని కూడా ఎవరూ అనలేదు. మన కథల్లో గీత ఇంకో చోట గీశారు. రావణుడు పడిపోయాక విభీషణుడు అంత్యక్రియలు చేయడానికి వెనకాడితే, మరణాంతాని వైరాణి అంటాడు రాముడు. చావుతో పగ సరి, ఇక ఇతను నీకెంతో నాకూ అంతే, కార్యం చెయ్యి అని. భారతంలో భీముడు తొడ విరిగి పడ్డ దుర్యోధనుడి తలని కాలితో తంతాడు, ధర్మరాజు వారిస్తాడు. అయితే ఊళ్ళో నాటకం ఆడినప్పుడు ఈలలు పడేది భీముడికే, ధర్మరాజుకి కాదు. నేనూ భీముడికే వేశాను చిన్నప్పుడు. ద్రౌపది జుట్టు సంగతి అంతకు ముందు సీన్లోనే చూసి ఉంటాం కదా.

కాబట్టి మిస్రాతావాళ్ళని రాక్షసులని తేల్చేయకండి. పగవాడికి కూడా ఇలాంటి చావు రాకూడదు అనే మాట మనమూ రోజూ వాడతాం. అది మన పగవాడు కానప్పుడు సులువుగా వస్తుంది నోటికి.

మన నిజాం కూడా గద్దె దిగాడు కదా, ఆయనకి ఇలా ఎందుకు జరగలేదు?

1948 సెప్టెంబర్ 17న లొంగిపోయాడు. భారత ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టలేదు, 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ఉంచింది. 1967 ఫిబ్రవరి 24న కింగ్‌కోఠిలో మంచం మీద చనిపోయాడు. అంతిమయాత్రకి లక్షల్లో జనం వచ్చారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి పక్కన సమాధి చేశారు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ మీద కేసు నడిచింది, శిక్షపడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు, 1970లో కరాచీలో పోయాడు.

పైన ఇంత మర్యాదగా జరిగిందని కింద కూడా అలాగే జరిగిందనుకోవద్దు. పోలీసు చర్య సమయంలో, తర్వాత, సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లింలు, ఎక్కువగా మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు. రాజు ఒంటి మీద గీటు కూడా పడలేదు. ఆయన పేరు చెప్పి పల్లెల్లో ఎవరెవరినో చంపారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికే రాలేదు.

## పోలికలు

ముసోలినీ, చౌషెస్కు, సద్దాం... అందరిదీ ఇదే కథా?

ముసోలినీని 1945 ఏప్రిల్ 28న కాల్చారు. మర్నాడు మిలాన్‌లోని లొరేటో కూడలిలో పెట్రోలు బంకు దగ్గర తలకిందులుగా వేలాడదీశారు. ఆ కూడలి ఊరికే ఎంచుకోలేదు. ఎనిమిది నెలల ముందు ఫాసిస్టులు 15 మంది ఖైదీల్ని కాల్చి శవాల్ని అక్కడే పడేశారు.

రుమేనియా చౌషెస్కుని, భార్యని 1989 క్రిస్మస్ రోజున గంట పాటు విచారణ లాంటిది జరిపి కాల్చారు, టీవీలో చూపించారు. అఫ్గానిస్తాన్ నజీబుల్లాని 1996 సెప్టెంబర్‌లో తాలిబన్లు కాబూల్‌లో చంపి ట్రాఫిక్ స్తంభానికి వేలాడదీశారు. ఆయన భార్యాపిల్లలు అప్పుడు మన ఢిల్లీలో ఉన్నారు.

సద్దాంది వేరే. కోర్టు, తీర్పు, ఉరి, అన్నీ ఉన్నాయి. 2006 డిసెంబర్ 30న, ఇరాక్ సున్నీలకి బక్రీద్ రోజున ఉరి తీశారు. ఉరికంబం దగ్గర తిట్లు, ఎవడో ఫోన్లో దొంగచాటుగా తీసిన వీడియో. దాంతో అంతవరకు ఆయన్ని తిట్టినవాళ్ళే జాలిపడ్డారు. 2007 జనవరిలో ఆ ఉరికి నిరసనగా బెంగళూరులో తీసిన ర్యాలీ గొడవలకి దారితీసింది. కోర్టు ఉన్నా, ఫోను కూడా లోపలికి వచ్చాక కోర్టు ఎవరికీ గుర్తులేదు.

కోర్టులో పెట్టి ఉంటే మాత్రం ఏం ఒరిగేది?

ఒరుగుతుందని గ్యారంటీ లేదు. సెర్బియా మిలోసెవిచ్ నాలుగేళ్ళ విచారణ తర్వాత తీర్పు రాకముందే 2006లో సెల్‌లో చనిపోయాడు. సద్దాంని దుజైల్ ఊరి హత్యల కేసులో ఉరితీశారు. కుర్దుల మీద జరిగిన అన్ఫాల్ ఊచకోత కేసు అప్పటికి మధ్యలోనే ఉంది. లైబీరియా చార్లెస్ టేలర్‌కి మాత్రం 2012లో 50 ఏళ్ళ శిక్ష పడింది. అయినా విచారణలో కాగితాలు బయటికొస్తాయి, సాక్షులు మాట్లాడతారు, ఎవరి హుకుం మీద ఎవరు కాల్చారో కొంతైనా రికార్డవుతుంది. తూము దగ్గర రికార్డయింది అరుపులు.

## తర్వాత

పట్టుకున్నవాళ్ళు ఏమయ్యారు?

తూములోంచి లాగినవాళ్ళలో ఒక కుర్రాడు హీరో అయిపోయాడు. 2012లో గడాఫీకి పట్టున్న బనీ వలీద్ అనే ఊళ్ళో చిక్కాడు. చిత్రహింసలు పెట్టారు. విడిపించి పారిస్ ఆసుపత్రికి తీసుకెళ్ళినా సెప్టెంబర్‌లో చనిపోయాడు. 22 ఏళ్ళు. మర్నెల్లోనే ప్రభుత్వ బలగాలు, మిస్రాతా దళాలు ఆ ఊరి మీద పడ్డాయి. మిస్రాతా పక్కనే ఉన్న తవర్గా అనే ఊరి జనం, సుమారు 40,000 మంది, గడాఫీ వైపు నిలబడ్డారన్న కోపంతో 2011లోనే వెళ్ళగొట్టబడ్డారు.

లిబియా బాగుపడిందా? ఆయనే నయం అంటున్నారు కొందరు.

2012 జూలైలో ఎన్నికలు జరిగాయి, జనం ఆశగా ఓటేశారు. 2014లో మళ్ళీ అంతర్యుద్ధం. ఆయుధాలు పక్క దేశాలకి పోయాయి, మాలి అల్లకల్లోలమైంది. సిర్త్ కొంతకాలం ఇస్లామిక్ స్టేట్ చేతిలో ఉంది. ఆయనే నయం అనేవాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ 42 ఏళ్ళలో పార్టీ, పత్రిక, కోర్టు, ఏదీ మొలకెత్తనివ్వకుండా చేసింది ఆయనే కదా. చెట్లన్నీ కొట్టేసినవాడు పోయాక నీడ లేదంటే ఎవరిననాలి?

ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, పిల్లలు చూశారు. ఏం చేయాలి?

డిలీట్ చేయండి, పంపినవాళ్ళకి పర్సనల్‌గా చెప్పండి. గ్రూపులో చెబితే గొడవ. పిల్లలు అడిగితే, పట్టుబడ్డ మనిషిని కొట్టి చంపారు, అది తప్పు, ఆయన కూడా చాలామందిని చంపించాడు అని రెండు ముక్కలూ చెప్పండి. ఇంకోటి, గడాఫీ పేరుతో తిరిగేవన్నీ ఆయనవి కావు. లైబీరియా అధ్యక్షుడు డో ని 1990లో హింసించిన పాత క్లిప్ ఇదే పేరుతో నాకు రెండుసార్లు వచ్చింది.

మీరు ఆ రోజు సంతోషించారా సార్? నిజం చెప్పండి.

హోటల్లో చప్పట్లు కొట్టిన కుర్రాళ్ళ గురించి చెప్పేటప్పుడు నన్ను వేరుగా పెట్టి చెబుతుంటాను. నేనూ కొట్టాను. ఆపింది కూడా నా అంతట నేను కాదు, యజమాని చానల్ మార్చాడు కాబట్టి ఆగింది.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఫలానా దేశం రాజుని ఇలా చంపారని చెప్పాను. ఎన్నేళ్ళు, ఎంతమందిని చంపాడు, ఏమీ అడగలేదు. "వాడికి తల్లి ఉందా?" అంది. తెలియదన్నాను. తర్వాత ఎక్కడో చదివితే, ఆమె ఎప్పుడో పోయిందని ఉంది. అమ్మకి చెప్పాను.

"పుణ్యాత్మురాలు, చూడకుండా పోయింది" అంది.